లేత్ చక్, మిల్లింగ్ వైస్, రోటరీ టేబుల్: వేళ్ళు, నడుము కాపాడుకుంటూ దించడం, ఎక్కించడం ఎలా

వర్క్‌షాప్‌లోకి టన్ను బరువున్న మిషన్ వచ్చిందంటే ఎవరూ ఊరికే చేతులు పెట్టరు. క్రేన్‌కి ఫోన్ చేస్తారు, నలుగురూ దూరంగా నిలబడతారు, ఓనర్ కూడా ఆఫీసు గదిలోంచి బయటికొచ్చి చూస్తాడు. అదే యాభై కిలోల చక్ (లేత్‌లో పని ముక్కని పట్టి తిప్పే భాగం) మార్చాలంటే మాత్రం "తమ్ముడూ, ఒక చెయ్యి వెయ్యి" అని పక్క మిషన్ మీద కుర్రాణ్ణి పిలిచి కానిచ్చేస్తారు. బాలానగర్, జీడిమెట్ల షెడ్లలోనైనా విజయవాడ ఆటోనగర్‌లోనైనా ఇదే వరస. నన్నడిగితే షాపులో అన్నిటికంటే ప్రమాదకరమైన బరువు ఇరవై నుంచి ఎనభై కిలోల మధ్యదే. చేత్తో ఎత్తేయొచ్చులే అనిపిస్తుంది, వేలి మీద పడితే వేలు మిగలదు.

ఇంకో సంగతి కూడా గమనించండి. ఈ సామాన్లతో దెబ్బలు ఎక్కువగా తగిలేది చివరి అంగుళంలో. చక్ స్పిండిల్ నోస్ (చక్ బిగించే స్పిండిల్ కొస) నుంచి ఊడే క్షణం, వైస్ టేబుల్ మీద ఆనే క్షణం, ఎత్తే బెల్టుని (స్లింగ్‌ని) సామాను కింద నుంచి లాగే క్షణం. అందుకని ఆ క్షణాల దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను, మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ముందు బరువు లెక్క కట్టండి

చాలామంది చక్ బరువు కంటితో అంచనా వేస్తారు, అదీ తక్కువగా వేస్తారు. లెక్క చాలా తేలిక. వ్యాసాన్ని సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 0.785తో గుణించి, మందంతో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. కాస్ట్ ఐరన్ అయితే సీసీకి 7.2 గ్రాములు, స్టీల్ అయితే 7.85 గ్రాములు. కాస్ట్ ఐరన్‌తో వేసి చూద్దాం: 200 మి.మీ. వ్యాసం, 75 మి.మీ. మందం ఉన్న చక్ దాదాపు 17 కిలోలు. 250 మి.మీ. వ్యాసం, 85 మందం అయితే 30 కిలోలు. 315 వ్యాసం, 100 మందం అయితే 56 కిలోలు. 400 మి.మీ. ఫోర్ జా (నాలుగు దవడల) చక్ 110 మందం అనుకుంటే క్వింటాల్‌కి దగ్గరగా వస్తుంది. మధ్యలో బోరు ఉంటుంది కాబట్టి కొంత తగ్గుతుంది, బ్యాక్ ప్లేటు, జాలు కలిస్తే మళ్ళీ పెరుగుతుంది, అందుకని వచ్చిన అంకెనే ఉంచుకోండి.

చూడండి, 200 నుంచి 400కి వెళ్ళేసరికి సైజు రెండింతలే, బరువు మాత్రం దాదాపు ఆరింతలు. "చిన్నది ఎత్తాంగా, ఇదీ ఎత్తేద్దాం" అనే లెక్క అక్కడే తప్పుతుంది. లెక్క కట్టిన బరువుని ప్రతి చక్ మీదా, వైస్ మీదా, రోటరీ టేబుల్ మీదా పెయింట్‌తో పెద్దగా రాసేయండి. ఐదు నిమిషాల పని, కొత్తగా చేరిన హెల్పర్‌కి కూడా తెలిసిపోతుంది.

చేత్తో ఎంతవరకు?

అమెరికాలో నియోష్ అనే సంస్థ ఇచ్చిన లిఫ్టింగ్ లెక్క ప్రపంచమంతా వాడతారు. అన్నీ అనుకూలంగా ఉంటే, అంటే బరువు ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తులో, మెలి తిరగకుండా, మంచి పట్టుతో ఎత్తితే ఆ లెక్కలో గరిష్ఠం 23 కిలోలు. బరువు దూరం జరిగేకొద్దీ అది తగ్గిపోతుంది. చీలమండల నుంచి చేతుల దాకా ముందుకి 25 సెం.మీ. ఉంటే పూర్తి 23 కిలోలు, 50 సెం.మీ. ఉంటే సగం, అంటే పదకొండున్నర కిలోలు.

ఇప్పుడు లేత్ ముందు నిలబడి చూడండి. కింద చిప్ ట్రే, మధ్యలో క్యారేజ్, బెడ్ అవతలి అంచుకి చేతులు చాస్తేగానీ స్పిండిల్ అందదు. అర మీటరు దూరం సులువుగా ఉంటుంది. అంటే 17 కిలోల చిన్న చక్ కూడా అక్కడ ఒక్కరే చేతుల మీద పట్టుకోవాల్సింది కాదు. నేలమీంచి బియ్యం బస్తా ఎత్తే మనిషి కూడా ఇక్కడ నడుము పట్టేసి కూర్చునేది ఇందుకే. బలం చాలక కాదు, బరువు ఉన్న చోటు అలాంటిది. ఒంటికి హాని చేసేంత బరువు ఎవరి చేతా మోయించకూడదని 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లోనే రాశారు, కాబట్టి "ట్రాలీ కావాలి సార్" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

నేను పాటించే హద్దు ఇది: 15 కిలోల దాకా ఒకరు, అదీ చెక్క ఆసరాతో. అక్కడి నుంచి 30 కిలోల దాకా ఇద్దరు, కానీ బెడ్ మీద చెక్క తొట్టి ఉండాల్సిందే. 30 దాటితే చైన్ పుల్లీ గానీ, లిఫ్ట్ టేబుల్ ట్రాలీ గానీ లేకుండా ముట్టుకోవద్దు.

చెక్క తొట్టి చేసుకోండి

దీనికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా, ఇచ్చే రక్షణ మాత్రం అన్నిటికంటే ఎక్కువ. గట్టి చెక్క దిమ్మ తీసుకోండి. కింది వైపు బెడ్ పట్టాల (వేస్) మీద కదలకుండా కూర్చునేలా గాడి చెక్కించండి, పై వైపు చక్ గుండ్రానికి సరిపడే వంపు కోయించండి. ఎత్తు ఎంత ఉండాలంటే, బెడ్ నుంచి స్పిండిల్ సెంటర్ ఎత్తు తీసుకుని అందులోంచి చక్ వ్యాసంలో సగం తీసేయండి. సెంటర్ ఎత్తు 225 మి.మీ., చక్ 315 అయితే, 225 నుంచి 157.5 పోగా 67.5 మి.మీ. వంపు అడుగున చెక్క మందం 66 ఉంచి, మిగతా ఒకటిన్నర మి.మీ. పల్చటి రేకు ముక్కలతో సర్దుకోండి. చెక్క వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది, ఆ తేడాకీ రేకులే పనికొస్తాయి.

సరిగ్గా చేసిన తొట్టిలో చక్‌ని పెడితే అది సెంటర్ ఎత్తులోనే ఉంటుంది. ఇక దాన్ని ఎత్తక్కర్లేదు, బెడ్ మీద వెనక్కీ ముందుకీ జరిపితే చాలు. గ్యాప్ బెడ్ లేత్ (చక్ దగ్గర బెడ్ ముక్క ఊడదీసే వీలున్నది) అయితే ఆ ముక్క, అంటే గ్యాప్ పీస్, తీసేసి ఉందేమో చూడండి. అక్కడ తొట్టి కింద ఖాళీ ఉంటే తొట్టితో సహా చక్ కూడా పడుతుంది. గ్యాప్ పీస్ బిగించాకే పని మొదలుపెట్టండి.

చక్ దించడం, ఒక్కో మెట్టు

మెయిన్ స్విచ్ ఆపండి. ఎమర్జెన్సీ బటన్ నొక్కి వదిలేస్తే చాలదు, ఐసోలేటర్ ఆపి, వీలైతే తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోండి. గేర్‌ని తక్కువ స్పీడ్‌లో వేస్తే స్పిండిల్ ఊరికే తిరగదు. క్యారేజ్, టెయిల్‌స్టాక్ రెండూ కుడి చివరికి తోసేయండి. టూల్ పోస్ట్‌లో టూల్ ఉంటే తీసేయండి, చక్ జరిపేటప్పుడు మోచేయి సరిగ్గా దానికే తగులుతుంది. బెడ్ మీద చిప్స్, ఆయిల్ వేస్ట్ గుడ్డతో తుడవండి.

జాలన్నీ లోపలికి తీసుకురండి. బయటికి ఎక్కువగా తెరిచిన జా లోపల స్క్రోల్ (జాలని కదిపే చుట్ట మర ప్లేటు) పళ్ళు ఒకటి రెండింటినే పట్టుకుని ఉంటుంది, దించేటప్పుడు అది జారి కాలి మీద పడుతుంది. చక్ కీ తీసి దాని చోట పెట్టేయండి.

తర్వాత ఒక గుండ్రటి బారు తీసుకోండి, స్పిండిల్ బోరులోకి వదులుగా దూరేంత లావుది. దాన్ని చక్‌లోంచి వెనక్కి, స్పిండిల్ బోరు లోపలికి ఒక అడుగు పైగా వెళ్ళేలా పెట్టి జాలతో బిగించండి. ఇప్పుడు చక్ నోస్ నుంచి ఊడినా ఆ బారు బోరులో ఆగి ఉంటుంది, చక్ ఒక్కసారిగా కిందికి దిగదు. దీనికి తోడు కింద చెక్క తొట్టి. రెండూ పెట్టండి, ఒకటి ఉందిగా అని రెండోది మానొద్దు.

ఇప్పుడు స్పిండిల్ రకాన్ని బట్టి పని మారుతుంది.

క్యామ్‌లాక్ (చక్ వెనక పిన్నుల్ని నోస్‌లోని క్యామ్‌లు తిప్పి బిగించే రకం) గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వేళ్ళు ఎక్కువగా నలిగేది ఇక్కడే. డి1-6 నోస్ అయితే ఆరు క్యామ్‌లు ఉంటాయి. ఒక్కొక్కటే తిప్పి, క్యామ్ మీది గీత నోస్ మీది గీతతో కలిసేదాకా తేవాలి, అప్పుడే ఆ పిన్ను వదులవుతుంది. ఐదింటిని అలా పూర్తిగా విప్పండి. ఆరోదాన్ని, పైవైపు ఉన్నదాన్ని, కొద్దిగా వదులు చేసి అక్కడ ఆపండి. క్యామ్‌లు విప్పినంత మాత్రాన చక్ రాదు, టేపర్ (నోస్ మీది ఏటవాలు ముఖం) మీద గట్టిగా కరుచుకుని ఉంటుంది. చాలామంది ఇది చూసి "ఇరుక్కుపోయింది" అనుకుని రెండు చేతులతో చక్ అంచు పట్టుకుని అటూ ఇటూ గుంజుతారు. అది వదలాలనుకున్నప్పుడు ముందుగా చెప్పదు. నైలాన్ సుత్తితోగానీ రాగి సుత్తితోగానీ చక్ వెనక అంచు మీద, ఒకే చోట కాకుండా చుట్టూ తిప్పుతూ, చిన్నగా కొట్టండి. నాలుగైదు దెబ్బల తర్వాత శబ్దం మారుతుంది. అంతవరకు గట్టిగా, ముద్దగా వినిపించినది ఒక్కసారి "టక్" మంటుంది, నోస్‌కీ చక్‌కీ మధ్య వెంట్రుకంత సందు కనబడుతుంది. పైన వదిలిన ఆ ఒక్క క్యామ్ లేకపోతే చక్ అప్పుడే బయటికి దూకేది. ఆ సందులో వేలు పెట్టి లాగాలనిపిస్తుంది, పెట్టకండి. తొట్టిని చక్ కిందికి ఆనేలా జరిపి, రేకులతో బరువు దాని మీద కూర్చోబెట్టి, అప్పుడు చివరి క్యామ్ పూర్తిగా విప్పండి.

ఇంకా ఒక గండం ఉంది. టేపర్ వదిలాక కూడా పిన్నులు నోస్ రంధ్రాల్లోనే ఉంటాయి, కొంత బరువు అవే మోస్తుంటాయి. పిన్నులు పూర్తిగా బయటికొచ్చే క్షణంలో మొత్తం బరువు తొట్టి మీదికి దిగుతుంది. కాబట్టి తొట్టితో సహా చక్‌ని నెమ్మదిగా, నిటారుగా టెయిల్‌స్టాక్ వైపు జరపండి. అరచేతులు చక్ ముందు ముఖం మీద, పక్కల మీద ఉండాలి. వెనకాల ఏ వేలూ ఉండకూడదు.

ఏ2 రకం నోస్ అయితే బోల్టులు చక్ ముందు నుంచి ఉంటాయి. పైనున్న రెండు బోల్టుల్ని నాలుగైదు చుట్లు వదులు చేసి ఉంచి, మిగతావి తీసి, టేపర్ కదిలించి, తొట్టి ఆనించాక ఆ రెండూ తీయండి. మర నోస్ అయితే చక్ తిరుగుతూ వస్తుంది, చివరి మర దాటగానే బరువంతా వదిలేస్తుంది. బారు పెట్టి ఉంటే అది చక్‌తో పాటే తిరుగుతూ ఆసరా ఇస్తుంది. మర చక్‌ని మోటార్ ఆన్ చేసి విప్పడం, ఎక్కించడం రెండూ వద్దు. త్వరగా అవుతుందని చేసేవాళ్ళున్నారు, చేతులు పోయేది అలాగే.

తిరిగి ఎక్కించేటప్పుడు

నోస్ టేపర్, చక్ వెనక టేపర్ రెండూ శుభ్రమైన గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూడండి, ఒక్క చిప్ ముక్క ఉన్నా చక్ సరిగా ఆనదు. ఈ పని చక్ తొట్టిలో, నోస్‌కి జానెడు దూరంలో ఉన్నప్పుడే ముగించాలి. దగ్గరికి జరిపాక మధ్యలో చెయ్యి పెట్టి "ఇక్కడ ఇంకొంచెం ఉంది" అని తుడిచే అలవాటు ఉంటే మానుకోండి. చక్ మీదా నోస్ మీదా ఎదురెదురు గుర్తు పెట్టుకుంటే పిన్నులు వెతుక్కుంటూ బరువు పట్టుకుని నిలబడక్కర్లేదు. క్యామ్‌లు బిగించాక ఒక్కొక్క దాని గీతా గడియారంలో మూడుకీ ఆరుకీ మధ్యలో ఆగాలి. దాటిపోయినా, ముందే ఆగినా ఆ పిన్ను సర్దాలి, అలాగే నడిపేయకూడదు.

మిల్లింగ్ మీద వైస్, రోటరీ టేబుల్, డివైడింగ్ హెడ్

తిరిగే బేస్‌తో ఉన్న ఆరంగుళాల వైస్ 35–40 కిలోలు తూగుతుంది. 300 మి.మీ. రోటరీ టేబుల్ 60 దాటుతుంది. వీటిని ఎత్తి పెట్టే బదులు జరిపి పెట్టండి. లిఫ్ట్ టేబుల్ ట్రాలీని మిషన్ టేబుల్ పక్కకి తెచ్చి, దాని ఎత్తు మిషన్ టేబుల్ కంటే ఒకటి రెండు మి.మీ. పైకే ఉంచండి. కిందకి ఉంటే అంచు తట్టుకుంటుంది, తోసే చేతులు జారతాయి. మోకాలు (knee) రకం మిల్లింగ్ మిషన్ అయితే దాని టేబుల్‌ని కూడా పైకీ కిందకీ సర్దుకోవచ్చు కదా, అది వాడండి.

ఇక్కడ చివరి అంగుళం ట్రాలీకీ మిషన్‌కీ మధ్యలో ఉంది. వైస్‌ని తోస్తుంటే ట్రాలీ మెల్లగా వెనక్కి జరుగుతుంది, సందు పెద్దదవుతుంది, వైస్ ముక్కు ఆ సందులోకి వంగుతుంది. చక్రం బ్రేకు ఒక్కటే నమ్మొద్దు, నేల మీద ఆయిల్ ఉంటే బ్రేకు వేసిన చక్రం కూడా జారుతుంది. ట్రాలీని బెల్టుతో మిషన్‌కి కట్టేయండి, చక్రాల వెనక చెక్క పెట్టండి. సందు మీద పల్చటి ప్లేటు ఒకటి వేస్తే ఇంకా మంచిది.

టేబుల్ మీదికి వచ్చాక వైస్ కింద 25 మి.మీ. చెక్క బద్దలు రెండు ఉండాలి. వైస్ అడుగున ఉండే కీ ముక్కలు టీ-స్లాట్‌కి (టేబుల్ మీది గాడికి) ఎదురుగా వచ్చేదాకా ఆ బద్దల మీదే జరిపి, తర్వాత ఒక వైపు గడ్డపారతో అర అంగుళం లేపి ఒక బద్ద, రెండో వైపు ఇంకో బద్ద లాగండి. బద్దని పక్క నుంచి పట్టుకుని లాగాలి, కింద చెయ్యి దూర్చి కాదు.

వైస్ హ్యాండిల్ ముందే తీసేయండి, కదిలే జా బిగించేయండి. హ్యాండిల్ పట్టుకుని వైస్ ఎత్తే పని ఎప్పుడూ వద్దు. డివైడింగ్ హెడ్ (పని ముక్కని లెక్క ప్రకారం కొంచెం కొంచెంగా తిప్పే సాధనం) అయితే వంపు బోల్టులు బిగించి ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే ఎత్తగానే తల భాగం గిర్రున వంగి చేతిని నొక్కుతుంది. లేత్‌లో టెయిల్‌స్టాక్, స్టెడీ (పొడవైన ముక్కకి ఆసరా ఇచ్చేది) బెడ్ మీంచి తీసేటప్పుడు అడుగున ఉండే క్లాంప్ ప్లేటు గుర్తుంచుకోండి. బోల్టు వదులు చేసి పైకి ఎత్తగానే అది విడిగా కాలి మీద పడుతుంది. ఒకరు అడుగు నుంచి దాన్ని పట్టుకుని తీసేశాకే పైది కదపాలి.

చైన్ పుల్లీ దేనికి వేలాడుతోంది?

ఒక టన్ను చైన్ పుల్లీ కొనేసి, దాన్ని రేకుల షెడ్డు పర్లిన్‌కి (రేకుల కింది అడ్డ యాంగిల్‌కి) తగిలించడం చాలా చోట్ల చూస్తాం. ఆ యాంగిల్ రేకులు మోయడానికి వేసింది, పుల్లీ మీద రాసిన టన్నుతో దానికి సంబంధం లేదు. షెడ్డు కట్టిన ఇంజనీర్ ఫలానా చోట ఇంత బరువు వేలాడదీయొచ్చు అని రాసిస్తే సరే, లేకపోతే ఐ బీమ్‌తో చక్రాల గ్యాంట్రీ ఒకటి చేయించుకోండి. పుల్లీ ఐఎస్ 3832 ముద్ర ఉన్నది తీసుకోండి. కొక్కేనికి ఉండే నాలుక విరిగితే ఆ రోజే మార్చండి, నోరు తెరుచుకున్న కొక్కేన్ని సుత్తితో కొట్టి మూయొద్దు, కొత్తది వేయండి.

మడిచే ఇంజన్ క్రేన్ వాడితే దాని చెయ్యి మీద రాసినవి చదవండి. రెండు టన్నుల క్రేన్ చెయ్యి పూర్తిగా బయటికి లాగితే అరటన్నుకి పడిపోతుంది. బరువు వేలాడుతుండగా నడిపించాలంటే నేలకి జానెడు ఎత్తులోకి దించాకే కదపండి.

బెల్టుల్లో ఊదా రంగుది ఒక టన్ను, ఆకుపచ్చ రెండు టన్నులు, పసుపు మూడు టన్నులు. మన పనికి ఊదా చాలు. సామాను చుట్టూ ఉచ్చులా వేస్తే దాని సామర్థ్యం తగ్గుతుంది. పదునైన అంచు తగిలే చోట పాత రబ్బరు ట్యూబు ముక్క పెట్టండి, కుట్టు తెగినదీ లేబుల్ పోయినదీ కోసి పారేయండి, మూలకి పెడితే ఎవరో ఒకరు తీసి వాడేస్తారు. నైలాన్ తాడు, బైండింగ్ వైరు, పాత ఫ్యాన్ బెల్టులతో ఏదీ వేలాడదీయకండి.

రెండు కాళ్ళ బెల్టుతో ఎత్తేటప్పుడు కోణం చూడండి. వంద కిలోలకి, బెల్టు నేలతో 60 డిగ్రీలు చేస్తే ఒక్కో కాలు మీద 58 కిలోలు, 45కి 71, 30 డిగ్రీలకి పూర్తి వంద. 45 కంటే కిందికి వెళ్ళొద్దు. ఐ బోల్టు (తలకి రింగు ఉన్న బోల్టు) విషయంలో ఇది ఇంకా ముఖ్యం. డిన్ 580 రకం ఎం12 ఐ బోల్టు నిలువుగా 340 కిలోలు లాగుతుంది, 45 డిగ్రీల్లో 240 మాత్రమే. అదీ మర పూర్తిగా దిగి, కాలర్ ముఖానికి ఆని ఉంటేనే. పక్కకి అడ్డంగా లాగితే వంగుతుంది. చక్ పక్కన మర రంధ్రం ఉంటే ఐ బోల్టు వేయండి, లేదంటే తొట్టి, ట్రాలీలతోనే కానివ్వండి, మీరే చక్‌కి రంధ్రం వేయొద్దు, లోపల స్క్రోల్ ఉంటుంది.

ఎత్తే సామాను ఏడాదికోసారైనా అర్హత ఉన్న వ్యక్తితో పరీక్ష చేయించండి, 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్‌లోనే ఈ మాట ఉండేది. దానికి తోడు వారానికోసారి గొలుసు, కొక్కెం, బెల్టు మీరే చూసుకోండి.

ఇద్దరు పట్టుకుంటే ఒక్కరే మాట్లాడాలి

"ఒకటి, రెండు, మూడు" అంటే మూడు మీద ఎత్తాలా, మూడు తర్వాతా? ఒకడు మూడు మీద, ఇంకొకడు తర్వాత ఎత్తితే బరువంతా ముందెత్తినవాడి మీద పడుతుంది. "ఎత్తు", "ఆపు", "దించు" అని మూడే మాటలు పెట్టుకోండి, చెప్పేది సీనియర్ ఒక్కరే, కానీ "ఆపు" మాత్రం ఎవరైనా అనొచ్చు. దించేటప్పుడు కూడా అడిగి వదలాలి.

"అన్నా, వదలమంటావా?"

"ఉండు, బద్ద మీద కూర్చోలేదింకా. ఆ... ఇప్పుడు వదులు."

వెళ్ళే దారిలో కేబుల్, చిప్స్, ఆయిల్ ముందే తీసేయండి. గ్లవ్స్ మోసేటప్పుడు వేసుకోండి, మిషన్ ఆన్ చేసే ముందు తప్పకుండా తీసేయండి. సేఫ్టీ షూ వేసుకోవాల్సిందే, కానీ దాన్నే నమ్ముకోవద్దు. స్టీల్ టో 200 జౌళ్ళ దెబ్బకి పరీక్షించినది, అంటే మీటరు ఎత్తు నుంచి 20 కిలోలు పడితే వచ్చేంత. మన 56 కిలోల చక్ అదే ఎత్తు నుంచి పడితే దాదాపు 550 జౌళ్ళు. అందుకని జారుతోందని తెలియగానే వదిలేసి వెనక్కి గెంతండి, మోకాలు అడ్డం పెట్టకండి, పట్టుకోబోకండి. పగిలిన చక్‌కి ఓనర్ తిడితే తిట్టనివ్వండి. ఇది హెల్పర్లకి ముందే, పని మొదలుకాకముందే గట్టిగా చెప్పి ఉంచాలి, లేదంటే భయంతో పట్టుకుంటారు.

ఎక్కడ పెట్టాలి

నేల మీద గోడకి ఆనించి పెట్టిన చక్‌ని మళ్ళీ తీసేటప్పుడే నడుము వంగుతుంది, నిటారుగా ఉన్న గుండ్రటి చక్ దొర్లుతుంది కూడా. నడుము ఎత్తులో యాంగిల్ స్టాండు చేయించి, ఒక్కో చక్‌కి ఒక్కో తొట్టి దాని మీదే బిగించండి, ట్రాలీ ఎత్తు స్టాండు ఎత్తుకి కలిసేలా చూసుకోండి. బరువైనవి నడుము ఎత్తు తట్టులో, తేలికైనవి పై తట్టులో. అడుగు తట్టు ఖాళీగా ఉంచండి, లేదా టీ-బోల్టులు, చిన్న సామాను పెట్టుకోండి. ట్రాలీ స్టాండుకి ఎదురుగా నేరుగా రాగలిగేంత చోటు ముందు వదిలి, ఆ చోటుని పసుపు పెయింట్‌తో గీసేయండి, లేకపోతే వారం తిరిగేలోపు అక్కడ స్క్రాప్ డ్రమ్ములు చేరతాయి.